ముందు బెరింబావు, ఆ తర్వాతే తన్నులు

బ్రెజిల్ ఆట-యుద్ధకళ కపువేరాకి గుంపు కట్టాలనుకునేవాళ్లు ముందు హాలు వెతుకుతారు, తర్వాత చాపలు కొంటారు. నా అనుభవంలో అన్నిటికన్నా ముందు కావలసింది బెరింబావు, అంటే విల్లులాంటి ఒంటితీగ వాయిద్యం. అది లేనిదే హోడా లేదు. హోడా అంటే అందరూ గుండ్రంగా నిలబడి పాడుతుంటే మధ్యలో ఇద్దరు ఆడే వలయం. అది లేకపోతే మిగిలేది వ్యాయామం క్లాసే, దానికి జనం మూడో నెలకల్లా పలచబడతారు.

బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో 1932లో బడి తెరిచిన మెస్త్రి (గురువు) బింబా హోడాలో ఒక బెరింబావు, రెండు పందేరోలు (కంజీరలాంటివి). కపువేరాలోని పాత ఆంగోలా పద్ధతిని నిలబెట్టిన మెస్త్రి పాస్తీన్యా దారిలో మూడు బెరింబావులు, వాటికి తోడు అతబాకీ (పొడవాటి డోలు), అగోగో (జంట గంట), హెకో-హెకో (గీకి వాయించేది) కూడా ఉంటాయి. చిన్న గుంపుకి బింబా లెక్కే నయం. వాయిద్యాల మీద ముగ్గురు, ఆటలో ఇద్దరు, చప్పట్లు కొడుతూ ఒకరు. ఆరుగురుంటే హోడా నడుస్తుంది. నలుగురే వచ్చిన రోజు ఒక పందేరో పక్కన పెట్టేస్తాం గానీ హోడా మాత్రం మానం.

బెరింబావు చేసుకోవడం కష్టం కాదు, ఓపిక కావాలి. బ్రెజిల్‌లో బిరీబా కర్ర వాడతారు. మనకు లోపల బోలు తక్కువున్న గట్టి వెదురు చాలు, పొడవు నాలుగున్నర నుంచి ఐదడుగులు. తీగ కోసం పంక్చరు షాపులో పాత కారు టైరు అడగండి, అంచులోని ఉక్కు తీగలు చీల్చి ఒక్కొక్కటిగా లాగాలి. చివరలు గుచ్చుకుంటాయి, చేతికి తొడుగు తప్పనిసరి. తీగను ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దాలి. రబ్బరు అంటుకుని ఉంటే మోత మొద్దుబారుతుంది. కర్ర పైకొనకు తోలు ముక్క బిగించకపోతే తీగ వెదురును చీల్చేస్తుంది.

మోత పెంచే బుర్రకి మన కిన్నెరకు వాడే ఎండు సొరబుర్ర లాంటిదే కావాలి. తొడిమ వైపు కోసి, గింజలూ పొట్టూ పూర్తిగా గీకేయాలి. అడుగున వేలెడు దూరంలో రెండు చిల్లులు పొడిచి నూలుతాడు దూర్చి, కర్ర కిందికొన నుంచి జానెడు పైన కట్టాలి. తాడు వదులైతే తీగ చిటచిటలాడుతుంది. మరీ బిగిస్తే చిటికెనవేలు దూరదు, బరువంతా ఆ వేలి మీదే కదా! తీగను పుల్లతో కొడుతూ, చేతిలోని చిన్న రాయిని తీగకు ఆనించకపోతే ‘డోం’, గట్టిగా నొక్కితే ‘డిం’, తేలిగ్గా తాకిస్తే ‘చి’. ఆంగోలా తాళం ‘చి చి డోం డిం’. ఇదొక్కటి నెల రోజులు వాయించినా చాలు. వాయించాక తీగ విప్పేయాలి. ఎక్కుపెట్టి వదిలేస్తే కర్ర వంగిపోయి బిగువు పోతుంది.

ఇక నేల. నున్నటి గ్రానైట్ మీద చెమట చుక్క పడితే చాలు, కాలు జారుతుంది. మెత్తటి ఫోమ్ చాపల మీద పాదం అతుక్కుని, ఆర్మాడా (గిర్రున తిరిగి తన్నే తన్ను) తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. గరుకు తగ్గిన సిమెంటు గచ్చు మేలు. మొదటి నెలంతా జింగా (ఊగుతూ వేసే మూల అడుగు), కొకొరీన్యా (గొంతుకూర్చుని తప్పించుకోవడం), నెగచీవా (నేలకు వంగి తప్పించుకోవడం), హొలే (నేల దగ్గరగా తిరగడం). తప్పించుకోవడం రాకముందే తన్ను నేర్పితే ఎదుటివాడికి దెబ్బ తగులుతుంది, ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ రారు. ఔ (చేతుల మీద వేసే బండిచక్రం పల్టీ) వేసేటప్పుడు చూపు నేల మీద కాదు, ఎదుటి మనిషి మీద ఉండాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సిందే.

పాటలు తెలుగు లిపిలో రాసి ఇస్తాను. మాట మొదట్లో ‘ర’ రాసి ఉన్నా పలుకుబడి ‘హ’, అందుకే ‘రోడా’ అనం, ‘హోడా’ అంటాం. ఒకరు పాడితే అందరూ బదులిచ్చే రెండు పంక్తుల కొరీదూలతో మొదలుపెడితే పది నిమిషాల్లో గొంతులు కలుస్తాయి. అర్థం చెప్పకుండా పాడించకండి. ఆ పాటల్లో బానిసత్వం ఉంది, 1890 శిక్షాస్మృతి ఈ ఆటనే నేరం చేసిన కాలం ఉంది. అది తెలిసినవాళ్ల గొంతు వేరుగా పలుకుతుంది.

మనకు మనమే బిరుదులు పెట్టుకోకూడదు. ‘మెస్త్రి’, మన తాపీమేస్త్రిలోని ‘మేస్త్రి’ రెండూ ఒకే పోర్చుగీసు మాట. ఒకరి చేతి కింద పని నేర్చుకున్నాక, ఆ నేర్పినవాళ్లే ఇవ్వాల్సిన పేరది. అందుకే గుంపుకి పేరు పెట్టకముందే ఒక మెస్త్రిని ఆశ్రయించి, నేర్పడానికి అనుమతి అడగాలి. స్థాయిని చూపే నడుము తాడు రంగులూ, కొత్తవాళ్లను చేర్చుకునే వేడుక బచిజాదూ అన్నీ ఆ గొలుసులోంచే రావాలి.

డబ్బు విషయం మొదటి రోజే తేల్చేయాలి. హాలు అద్దె, తీగలు, బుర్రలు, మెస్త్రి వచ్చినప్పటి ప్రయాణం ఖర్చు, అన్నీ ఒకే పుస్తకంలో రాసి అందరికీ కనిపించేలా పెడతాం. ఇవ్వలేని పిల్లలు తీగలు రుద్దుతారు, హోడాకి ముందు గచ్చు ఊడుస్తారు. ఆదివారం ఉదయం ఏడింటికి హోడా అంటే ఏడింటికే గుంగా (లోతైన స్వరం పలికే బెరింబావు) మోగాలి, వచ్చింది ముగ్గురైనా సరే. మిగతావాళ్లు మెట్ల మీద ఉండగానే ఆ ‘డోం’ వినిపిస్తుంది, నడక వేగం పెరుగుతుంది.