వెనుక నుంచి గుద్దిన కారు, కనిపించని గాయం: హన్మకొండ ట్రిబ్యునల్‌లో నా అనుభవం

2022 వర్షాకాలంలో హైదరాబాద్ నుంచి హన్మకొండకు వస్తుండగా, రఘునాథపల్లి దాటిన తర్వాత రోడ్డుకు అడ్డంగా బర్రెలు రావడంతో మా బావగారు కారును నెమ్మది చేశారు. వెనుక వస్తున్న కారు మాత్రం ఆగలేదు. మా డిక్కీ నేను కూర్చున్న వెనుక సీటు దాకా నొక్కుకుపోయింది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలేవీ విరగలేదని చెప్పి, మాత్రలు రాసి పంపించారు. మరునాటికి మెడ తిప్పలేకపోయాను, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కాయి. ఎమ్మారై తీస్తే మెడలో ఐదు, ఆరు పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. నేను బ్లౌజుల మీద మగ్గం వర్క్ చేస్తాను. ఆరి సూదిని పట్టేది సరిగ్గా ఆ రెండు వేళ్లే.

పరిహారం కోసం మోటారు ప్రమాదాల కేసులు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లాము. తప్పు ఎవరిదన్న విషయంలో మాకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. పోలీసులు వెనుక కారు డ్రైవరు మీదనే ఛార్జిషీటు వేశారు. ప్రమాదానికి యాంత్రిక లోపం కారణం కాదని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక ఇచ్చారు. ముందున్న కారు హఠాత్తుగా బ్రేకు వేసింది కాబట్టి దాని యజమానినీ, బీమా కంపెనీనీ కూడా కేసులో చేర్చాలని అవతలి బీమా కంపెనీ వాదించింది. ముందు వాహనం ఎప్పుడు ఆగినా ఢీకొనకుండా ఉండేంత దూరం పాటించడం వెనుక డ్రైవరు బాధ్యత అని చెప్పడానికి మా వకీలు సుప్రీంకోర్టు 2018లో నిషాన్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు చూపించారు. ఒకవేళ ఇద్దరు డ్రైవర్ల తప్పూ ఉందనుకున్నా, ప్రయాణికురాలిగా నేను వారిలో ఎవరి నుంచైనా మొత్తం పరిహారం కోరవచ్చని 2015లో అదే కోర్టు ఇచ్చిన ఖెన్యే తీర్పు చెబుతోంది. ఆ వాదన అంతటితో ముగిసింది.

గడువు సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు క్లెయిమ్ దాఖలు చేయాలన్న నిబంధనను 1994లో తొలగించారు. 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఎప్పుడైనా వేసుకోవచ్చని మా బంధువులు ఇచ్చిన సలహా పాత చట్టం ప్రకారం చెప్పినది. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు, మనం నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు కాబట్టి, ఎఫ్ఐఆర్, పంచనామా, గాయాల సర్టిఫికెట్ నకళ్లతో హన్మకొండలోనే పిటిషన్ వేశాము.

అసలు పోరాటమంతా గాయం గురించే జరిగింది. కాలు విరిగితే ఎక్స్‌రే చూపించవచ్చు. మెడనొప్పిని ఎవరికి చూపించగలము? నన్ను క్రాస్ ఎగ్జామినేషన్ చేసిన బీమా కంపెనీ వకీలు మొదట ఆ రాత్రి నాటి ఓపీ చీటీ పట్టుకుని, "మీరు నడుచుకుంటూనే ఇంటికి వెళ్లారు కదా?" అన్నారు. వెళ్లానని చెప్పాను. ఆ తర్వాత ఎమ్మారై నివేదికలో అరుగుదల గురించి ఉన్న ఒక వాక్యం చదివి, "ఏళ్ల తరబడి తల వంచి చేసిన పని వల్లనే మీ మెడ అరిగింది, అవునా?" అని అడిగారు. నా పనినే నా మీదికి తిప్పిన ఆ ప్రశ్న తెలివైనదేనని ఒప్పుకోవాలి.

దానికి సమాధానం రెండు చోట్ల దొరికింది. చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యం చెబుతూ, ఇలాంటి దెబ్బల్లో నొప్పి మరునాడు బయటపడటం మామూలేనని, అరుగుదల ముందే ఉన్నా నరం మీద ఒత్తిడి లక్షణాలు ప్రమాదం తర్వాతనే మొదలయ్యాయని, నరాల పరీక్ష కూడా దాన్నే చూపుతోందని వివరించారు. రెండవది నా ఆర్డర్ల పుస్తకం. ఎవరి బ్లౌజు, ఏ డిజైను, ఎంత అడ్వాన్సు, ఏ రోజు ఇవ్వాలి అన్నవి అందులో వరుసగా రాసి ఉన్నాయి. ప్రమాదానికి ముందు వారం దాకా పేజీలు నిండుగా ఉండి, ఆ తర్వాత అడ్వాన్సులు తిరిగి ఇచ్చిన కొట్టివేతలే కనిపిస్తాయి. ఆదాయం రుజువు కోసం దాఖలు చేసిన ఆ పుస్తకమే, అంతకుముందు నా మెడ బాగానే పనిచేసిందనడానికీ సాక్ష్యమైంది. జీతం చీటీ లేని నాకు దానితోపాటు బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు తోడ్పడ్డాయి.

మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి పిలిచారు. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. బీమా కంపెనీ చెప్పిన మొత్తం చికిత్స ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. వద్దన్నాము.

తీర్పులో లెక్క ఇలా సాగింది. నా ఆదాయం నెలకు 20,000 రూపాయలని చెప్పినా, పూసలు, దారాలు, పనివాళ్ల కూలి తీసివేసి ట్రిబ్యునల్ 12,000గా నిర్ణయించింది. అది నాకు తక్కువే అనిపించింది గానీ అన్యాయమని అనలేను. స్వయం ఉపాధి పొందుతూ 40 ఏళ్ల లోపు ఉన్నవారికి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలుపుతారు కాబట్టి ఏడాదికి 2,01,600 అయింది. నాకప్పుడు 37 ఏళ్లు, 36 నుంచి 40 ఏళ్ల వారికి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే సంఖ్య, 15. మెడికల్ బోర్డు వైకల్యాన్ని 15 శాతమే చూపినా, రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు శరీర వైకల్యం వేరు, ఆ వ్యక్తి వృత్తిలో కలిగే నష్టం వేరు అని గుర్తించి, సూది పని చేసే మనిషికి సంపాదన నష్టం 20 శాతమని తీసుకున్నారు. ఆ పద్దు కింద 6,04,800 రూపాయలు వచ్చాయి; చికిత్స బిల్లులు, నొప్పి, బాధ పద్దులు వేరు. పిటిషన్ వేసిన తేదీ నుంచి 7.5 శాతం వడ్డీ కూడా ఇచ్చారు.

బీమా కంపెనీ అప్పీలుకు వెళ్లలేదు. అయితే సొమ్ము కోర్టులో జమ కాగానే మన చేతికి రాదు. పాన్ కార్డు, పాస్‌బుక్ నకలు జతచేసి దాన్ని విడుదల చేయమని మళ్లీ ఒక పిటిషన్ వేయాలి. ట్రిబ్యునల్ సగం సొమ్మును నా ఖాతాకు పంపి, మిగిలిన సగాన్ని నా పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచింది. దాని వడ్డీ ఇప్పుడు మగ్గం మీద కూర్చునే అమ్మాయి జీతంలో కొంత భాగానికి సరిపోతోంది. డిజైన్లు గీయడం, కొలతలు తీసుకోవడం వరకే నేను చూసుకుంటున్నాను.