ఇంగువ ఎక్కడుందో చుట్టాలకీ తెలియాలి

బెజవాడలో ఇల్లుందంటే దసరాకి చుట్టాలు రాక తప్పదు. సంక్రాంతికి పిలిచినా ఊరు కదలనివాళ్లు కూడా నవరాత్రుల్లో అమ్మవారి దర్శనం కోసం ఒక పూటైనా దిగుతారు. తెల్లవారుజామున రైలు దిగి, ఆటోలో నేరుగా మనింటికి వచ్చి, స్నానాలు చేసి కొండకి వెళ్తారు, మధ్యాహ్నానికి వచ్చి భోంచేసి సాయంత్రం బండెక్కుతారు. మూలా నక్షత్రం రోజు, అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం చేసే రోజు, మా ఇంట్లో ఎవరు పడుకున్నారో ఎవరు లేచారో లెక్క తేలదు. నాకిది ఇష్టమే, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ పది రోజులూ వంటిల్లు ఒక్కరి చేతిలో ఉండదు. నేను దర్శనానికి వెళ్తే ఆడపడుచు పోపు వేస్తుంది, ఆవిడ వెళ్తే తోటికోడలు అన్నం వారుస్తుంది, మధ్యలో ఏదో ఊరి పిన్నిగారు "నువ్వు కూచోమ్మా, నేను చేస్తాగా" అంటూ గరిట లాక్కుంటారు. "వదినా, ఇంగువ ఎక్కడ పెట్టావ్?" అని ఫోన్ వస్తే క్యూలో ఎత్తే పరిస్థితి ఉండదు.

అందుకని పండక్కి ముందు సరుకుల గూళ్లు సర్దేటప్పుడు నేను చూసుకునేది ఒక్కటే. మొదటిసారి మా వంటింట్లోకి వచ్చిన మనిషి ఎవర్నీ అడక్కుండా పులిహోర కలపగలగాలి. డబ్బాలన్నీ ఒకే రంగులో ఉన్నాయా, ఫొటో తీస్తే బాగుంటుందా అనేవి తర్వాతి సంగతులు.

ఈ పనికి మహాలయ పక్షాల కంటే మంచి సమయం లేదు. భాద్రపద బహుళంలో ఆ పదిహేను రోజులూ చాలామంది కొత్త వస్తువులు కొనరు, శుభకార్యాలు పెట్టుకోరు. అమావాస్య వెళ్లిన మర్నాడు పాడ్యమి నుంచే నవరాత్రులు. అంటే, ఉన్నవి వాడేసి గూళ్లు ఖాళీ చేసుకోవడానికి పెద్దవాళ్లు క్యాలెండర్లోనే మనకి ఒక పక్షం ఇచ్చారు. ఆ రోజుల్లో మా ఇంట్లో వంట కొంచెం విచిత్రంగా ఉంటుంది. అరకొరగా మిగిలిన పప్పులన్నీ కలిపి అట్లు, డబ్బా అడుగున ఉన్న సేమ్యాతో ఉప్మా, ఎప్పుడో కొన్న రాగిపిండితో సంకటి. మా ఆయన సణుగుతారు కానీ తింటారు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది మన కృష్ణా డెల్టా వాళ్లకి బాగా వర్తిస్తుంది. ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. వరి కోసిన చేలల్లో మినుము చేతికొచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లో. గుంటూరు యార్డులో మిర్చి జోరు కూడా ఎండాకాలం మొదట్లోనే. ఏడాదికి సరిపడా తెచ్చుకునే అలవాటున్న ఇళ్లలో దసరా నాటికి బియ్యం దగ్గర్నుంచి కారం దాకా అన్నీ నెలల నాటివి, పైగా వానాకాలం మొత్తం చెమ్మ పీల్చుకుని ఉన్నవి. బియ్యానికి ఇది ఒకరకంగా మంచిదే. బాపట్లలో పుట్టిన మన బీపీటీ 5204 రకం బియ్యం పాతబడేకొద్దీ పులిహోరకి పొడిపొడిగా వస్తుంది, కొత్త బియ్యమైతే ముద్దవుతుంది. కానీ పురుగు పట్టేదీ ఆ పాత బియ్యానికే.

పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని మీద ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. బియ్యంలో కనిపించే ముక్కు పురుగు గింజకి రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, పెద్ద పురుగై బయటికొస్తుంది. మన వేడికి ఇదంతా సుమారు నెల రోజుల పని. అందుకే చాటలో చెరిగి కనిపించినవాటిని ఏరేసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, రెండు మూడు వారాలకి మళ్లీ చూడాలి. బియ్యాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్తే గింజ చిట్లి నూక ఎక్కువవుతుంది, నీడన గాలికి ఆరబోస్తే చాలు. పప్పులకి మాత్రం ఎండ మంచిదే, భాద్రపదంలో వానకీ వానకీ మధ్య కాసే ఎండ చురుగ్గానే ఉంటుంది కాబట్టి ఒక కన్ను ఆకాశం మీద పెట్టి మేడ మీద పోసుకోవచ్చు. కందిపప్పుకి ఆముదం పట్టించే పాత పద్ధతి ఊరికే పుట్టలేదు. ఆ నూనె పొర ఉంటే పైన పెట్టిన గుడ్లు నిలవవు. వండేముందు వేడినీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది.

బోరిక్ పౌడర్ కలిపే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి, అది ఆహారంలో కలపడానికి అనుమతి లేని పదార్థం, ఎంత కడిగినా నాకు నమ్మకం కుదరదు. వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే పర్లేదు కానీ వాటి వల్ల అప్పటికే పట్టిన పురుగు పోదు. నేను నమ్మేది ఫ్రీజర్‌ని. బొంబాయి రవ్వ, మైదా, శనగపిండి కొన్న ప్యాకెట్లు గట్టిగా మూసిన కవర్లో పెట్టి నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచితే లోపల ఉన్న గుడ్లు చస్తాయి. బయటికి తీశాక కవరు విప్పకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఫ్రీజర్లో చోటు లేనివాళ్లు రవ్వని సన్నసెగ మీద వేయించి చల్లార్చి పోసుకోండి, పండగ రోజు కేసరి చేసేటప్పుడు ఆ పని కూడా కలిసొస్తుంది.

పారేయాల్సినవి పారేయడానికి మొహమాటపడకండి. ప్యాకెట్ మీద బెస్ట్ బిఫోర్ తేదీ దాటితే అది విషమైపోయిందని కాదు, రుచీ వాసనా తగ్గి ఉండొచ్చని. ఎక్స్‌పైరీ అనో యూజ్ బై అనో ఉంటే మాత్రం ఇంక వాడకూడదు. విడిగా కొన్న జీడిపప్పు, వేరుశనగ గుళ్లు, నువ్వులకి తేదీ ఉండదు కాబట్టి ముక్కే దిక్కు, ఒక పలుకు నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. ముక్కిపోయిన వాసన వచ్చిన జీడిపప్పు ఒక్క గుప్పెడు చాలు, గిన్నెడు చక్కెర పొంగలి పాడవడానికి.

డబ్బాల గురించి ఒక్క మాట. ఈమధ్య అందరూ ఆన్‌లైన్లో ఒకేలాంటి సెట్లు కొంటున్నారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ లీటరు డబ్బాలో కిలో కందిపప్పు పట్టదు. మిగిలిన గుప్పెడు పప్పు ప్యాకెట్లోనే ఉండి, దానికో రబ్బరు బ్యాండు పడి, వెనక గూట్లోకి పోయి, అక్కడ పురుగు పట్టి మిగతా అన్నిటికీ అంటిస్తుంది. కిలో సరుకు కొనే అలవాటుంటే లీటరున్నర డబ్బా కొనండి. అమ్మమ్మల కాలం నాటి స్టీలు డబ్బాలు ఉంటే ఇంకా మంచిది, చెమ్మా వెలుతురూ తగలవు, కాకపోతే లోపల ఏముందో పైకి తెలీదు, కాబట్టి కాగితం అంటించాల్సిందే. తెలుగులో, పెద్ద అక్షరాలతో, మూత మీద కాకుండా డబ్బా మీద. మూతలు ఒకదానిది ఒకదానికి పెట్టేస్తారు. మా పిన్నిగారొకరు ఇడ్లీ రవ్వతో కేసరి చేసింది ఇలాంటి మూతల మార్పిడి వల్లే, అందరం ప్రసాదం అని కళ్లకద్దుకుని నమిలాం.

ఇక ఏది ఎక్కడ పెట్టాలంటే, నేను పప్పులన్నీ ఒకచోట, పిండులన్నీ ఒకచోట అని చూడను. కలిసి వండేవి కలిసి ఉంటాయి. చింతపండు, పసుపు, ఎండుమిర్చి, వేరుశనగ గుళ్లు, శనగపప్పు, ఇంగువ, నువ్వుల నూనె ఒక ట్రేలో పెడితే ట్రే లాగినవాళ్లకి పులిహోర వచ్చేస్తుంది. పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు, నెయ్యి పక్కపక్కన ఉంటే కట్టె పొంగలి. బెల్లం మాత్రం విడిగా, గాలి చొరని డబ్బాలో. వానాకాలం చెమ్మకి నీరుకారి నల్లబడి చీమల్ని పిలుస్తుంది. గారెల మినపగుళ్లు నానబెట్టే గిన్నెతో సహా కింద గూట్లో ఉంటాయి, రాత్రి ఎవరికి గుర్తొస్తే వాళ్లు నానబెట్టేస్తారు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. హారతి కర్పూరం వంటింటి గూట్లో పెట్టొద్దు. చక్కెర పొంగలిలో చిటికెడు వేసే పచ్చ కర్పూరం వేరు, హారతి ఇచ్చేది వేరు, రెండోది తినేది కాదు. మనకి తేడా తెలుసు, హడావిడిలో ఉన్న చుట్టానికి తెల్లగా కనిపించిన ప్రతిదీ ఒకటే. హారతి కర్పూరం, అగరొత్తులు, వత్తులు దేవుడి గదిలోనే ఉండాలి.

నవరాత్రుల్లో చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి వాడరు. భవానీ మాల వేసుకున్నవాళ్లు ఇంటికొస్తే మరీ జాగ్రత్త. వెల్లుల్లి కారం, మసాలా పొడులు, ఉల్లిపాయల బుట్ట, వెల్లుల్లి వేసిన ఆవకాయ జాడీ అన్నీ వరండాలోని బీరువాకి తరలిస్తాను. కందిపొడి, నువ్వుల పొడి వెల్లుల్లి లేకుండా కొట్టి ముందు వరసలో పెడతాను, ప్రయాణంలో అలిసి వచ్చినవాళ్లకి వేడన్నం, పొడి, నెయ్యి ఉంటే కూర ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు.

అటక మీద ఏం పెట్టాలి, కింద ఏం పెట్టాలి అనేదానికి ఇప్పుడు ఊళ్లో లెక్క మారింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నేల మీద ఉన్న బియ్యం బస్తాలు, పప్పు డబ్బాలు అన్నీ పోయాయి, దసరా అప్పటికి నెల రోజులే ఉంది. ఆ నీళ్లు తగిలినవి కడిగి వాడుకునేవి కావు, పారేయాల్సిందే. అక్కడున్న మా బంధువులు అప్పట్నుంచి బియ్యం కూడా పైగూట్లోనే పెడుతున్నారు, నడుం నొప్పి వచ్చినా సరే అంటున్నారు. నేనైతే బరువైనవి నడుము ఎత్తులో పెడతాను. స్టూలెక్కి తీయాల్సిన చోట పెద్ద మూకుళ్లు, జంతికల గొట్టం లాంటివే ఉండాలి, మా అత్తయ్యగారు స్టూలు కనపడితే ఎక్కేస్తారు మరి.

అన్నీ సర్దాక లేనివి రాసుకుని, అమావాస్య వెళ్లాకే కొనడం. ఇల్లంతా చూసి రాసుకున్న చీటీ ఎప్పుడూ మనం అనుకున్నదాని కంటే చిన్నదే అవుతుంది. పెద్ద మొత్తంలో అయితే గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్, ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకుంటే గిట్టుబాటు. కాస్త కాస్త అయితే వన్ టౌన్. నవరాత్రుల్లో కొండ వైపు ట్రాఫిక్ మళ్లించేస్తారు కాబట్టి పాడ్యమి రోజు పొద్దున్నే వెళ్లి రండి, లేదా మీ వీధి చివర కొట్టాయనకి చీటీ ఇచ్చేయండి, పది రూపాయలు ఎక్కువైనా టెన్షన్ ఉండదు. కొబ్బరికాయలు, అరటిపళ్లు మాత్రం చీటీలో రాయకండి. వచ్చే చుట్టాలు అవే పట్టుకొస్తారు.