హార్డ్‌ఫోర్క్ 20 నాటి మూడు రోజులు: నా అనుభవం

2018 సెప్టెంబరు 25, మంగళవారం. రాతలు పెట్టి, చదివినవారి ఓట్లను బట్టి ప్రతిఫలం పొందే స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్, అంటే ఒకే లెక్కల పుస్తకాన్ని ఎన్నో కంప్యూటర్లు కలిసి నడిపే వ్యవస్థ, ఆ రాత్రి మన సమయం ప్రకారం 8:30 గంటలకు హార్డ్‌ఫోర్క్ 20 అనే పెద్ద అప్‌గ్రేడ్‌కు మారుతుందని నాకు ముందే తెలుసు. అప్పటికి ఏడాదిన్నరగా నేను అందులో రాస్తున్నాను. మా కోనసీమలో కొబ్బరి తోట పనుల చుట్టూ అల్లుకున్న మాటలను, దింపు తీసేవాళ్లూ కాయ ఒలిచేవాళ్లూ తమలో తాము వాడుకునే మాటలను సేకరించి, వారానికొక వ్యాసంగా పెడుతూ వచ్చాను. భోజనం ముగించుకుని కూర్చుని, ఆ వారం వ్యాసం చదివిన ఒకరు అడిగిన ప్రశ్నకు నాలుగు వాక్యాల సమాధానం రాసి పంపబోతే అది వెళ్లలేదు. తెర మీద ఒక సందేశం వచ్చింది. మీ ఖాతాలో ఉన్న రిసోర్స్ క్రెడిట్లు ఇన్ని, ఈ పనికి కావలసినవి ఇన్ని, కాబట్టి ఆగండి, లేదా స్టీమ్‌ను పవర్ అప్ చేయండి అని దాని సారాంశం. రిసోర్స్ క్రెడిట్లంటే పనులు చేసుకోవడానికి ఖాతాకు ఉండే కోటా, పవర్ అప్ అంటే స్టీమ్ అనే నాణేన్ని ఖాతాలో స్టీమ్ పవర్‌గా కట్టిపెట్టుకోవడం. ఆ సందేశంలోని రెండు అంకెలూ వేలితో స్థానాలు లెక్కపెట్టుకుంటే తప్ప ఎన్ని కోట్లో తెలియనంత పొడవున్నాయి. రెండోది మొదటిదానికంటే చాలా పెద్దదని మాత్రం నాకు అర్థమైంది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. నన్ను స్టీమ్‌లో చేర్పించింది వాడే. "మావయ్యా, ఆ బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి. రాసింది ముందు ఇంకో చోట దాచుకోండి. మీ ఒక్కరికే కాదు, చిన్న ఖాతాలన్నిటికీ ఇలాగే ఉంది" అన్నాడు. ఆ చివరి మాటతో కంగారు కొంత తగ్గింది గాని, అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలన్న పట్టుదల పెరిగింది.

మామూలు వెబ్‌సైటు అయితే యజమాని తన సర్వర్‌లో మార్పు చేసుకుంటాడు, మనం మర్నాడు ఉదయానికి కొత్త రూపం చూస్తాం. 2016 మార్చిలో మొదలైన స్టీమ్‌లో ఆ పద్ధతి లేదు. ప్రతి 3 సెకన్లకూ అప్పటి పనులు నమోదైన ఒక బ్లాక్ తయారవుతుంది. దాన్ని తయారుచేసేవాళ్లను విట్నెస్‌లు అంటారు. ఒక్కో విడతకు 21 మంది ఉంటారు, వారిలో 20 మంది ఖాతాదారుల ఓట్లతో పైకి వచ్చినవాళ్లు. నియమాలనే మార్చే పెద్ద అప్‌గ్రేడ్‌ను హార్డ్‌ఫోర్క్ అంటారు, అది అమలు కావాలంటే ఆ 21 మందిలో కనీసం 17 మంది కొత్త వెర్షన్‌ను నడుపుతూ ఉండాలి. అంటే నా ఖాతా ఎలా పనిచేయాలో ఆ రాత్రి తేల్చింది ఎక్కడో ఉన్న ఒక ఇంజినీరు ఒక్కడే కాదు, నేను ఓటు వేయగలిగి ఉండి కూడా ఎన్నడూ వేయని 21 మంది. ఒక ఖాతా 30 మంది విట్నెస్‌ల దాకా ఎన్నుకోవచ్చు. ఏడాదిన్నరలో నేను ఒక్కరినీ ఎన్నుకోలేదన్న సంగతి నాకు ఆ రాత్రే గుర్తుకు వచ్చింది, గుర్తుకు వచ్చి బాధ కలిగించింది.

హార్డ్‌ఫోర్క్ 20లో అన్నిటికంటే పెద్ద మార్పు రిసోర్స్ క్రెడిట్ల పద్ధతి. స్టీమ్‌లో రాత, వ్యాఖ్య, ఓటు ఏదైనా ఒక లావాదేవీయే, దానికి రుసుము ఉండదు. రుసుము లేదంటే ఎవరైనా లక్షల చెత్త సందేశాలు కుమ్మరించవచ్చు గనుక, అంతకుముందు బ్యాండ్‌విడ్త్ అనే హద్దు ఉండేది. అది పంపిన సమాచారం పరిమాణాన్నే చూసేది. కొత్త పద్ధతి ఇంకా లోతుగా లెక్కిస్తుంది. ఒక లావాదేవీ బ్లాక్‌చెయిన్ చరిత్రలో ఎంత చోటు ఆక్రమిస్తుంది, నోడ్‌ల (దాన్ని నడిపే కంప్యూటర్ల) మెమరీలో ఎంత మిగిలిపోతుంది, దాన్ని నడపడానికి ఎంత సమయం పడుతుంది, అది కొత్త ఖాతా తెరుస్తుందా, మార్కెట్‌కు సంబంధించినదా అని 5 రకాల వనరులుగా విడదీసి, ఒక్కోదానికి అప్పటి వాడుకను బట్టి ధర కడుతుంది. మన దగ్గరున్న స్టీమ్ పవర్ ఎంతో మన క్రెడిట్ల తొట్టి అంత, వాడుకున్నది పూర్తిగా మళ్లీ నిండడానికి 5 రోజులు పడుతుంది. ఆలోచనగా చూస్తే ఇది న్యాయమైనదేనని నేను ఆనాడే అనుకున్నాను, ఈనాటికీ అనుకుంటున్నాను. ఒక వ్యాఖ్యకూ ఒక ఓటుకూ వ్యవస్థ మీద పడే బరువు ఒకటి కాదు కదా.

అయితే కట్టిన ధరలు మొదటి గంటల్లో నిజమైన వాడుకకు సరిపోలేదు. ఎక్కువ స్టీమ్ పవర్ ఉన్నవాళ్లకు అది పెద్దగా తెలియలేదు, తక్కువ ఉన్నవాళ్లం ఒక్కసారిగా మూగబోయాం. నా దగ్గర సుమారు 60 స్టీమ్ పవర్ ఉండేది, అంతా రాతల మీద వచ్చినదే. ఆ రాత్రి ఒకరి రాతకు ఓటు వేయడానికి ప్రయత్నించినా వెళ్లలేదు. నా పాత వ్యాసాలన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి, చదవగలను, ఒక్క అక్షరం చేర్చలేను. ఖాతాలో ఉన్న కాసులు కూడా భద్రంగానే ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ రాత్రి చాలామంది భయపడింది దీని గురించే. క్రెడిట్లు లేకపోవడం అంటే కొత్త పని చేయలేకపోవడమే తప్ప ఉన్నది పోవడం కాదు.

ఆ భయం ఎలాంటిదో నాకు మర్నాడు ఉదయం ఇంకా దగ్గరగా కనిపించింది. అంతకు నెల ముందు మా పక్క ఊరి డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయికి నేనే ఖాతా తెరిపించాను. వాళ్ల నాయనమ్మ నాట్లప్పుడు పాడే పాటలను ఆ అమ్మాయి రాసి పెట్టేది. నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా ఆ అమ్మాయి ఫోన్ చేసి, "మేష్టారూ, నా ఖాతా మూసేశారాండి? నేనేమైనా తప్పు రాశానా?" అని అడిగింది. కొత్త ఖాతా కావడంతో ఆమెకు ఉన్నది అప్పుగా, అంటే డెలిగేషన్‌గా, వచ్చిన 15 స్టీమ్ పవర్ మాత్రమే. ఆ రెండో ప్రశ్న వినగానే నాకు మనసు చివుక్కుమంది. సాఫ్ట్‌వేర్ లెక్క ఒకటి తప్పితే ఒక పిల్ల తన రాతలో తప్పు వెతుక్కుంటోంది. "నువ్వేమీ తప్పు చేయలేదమ్మా, అందరికీ ఆగిపోయింది, రెండు మూడు రోజులు ఓపిక పట్టు" అని చెప్పాను. ఆ మాట నిజమవుతుందో లేదో నాకే సరిగా తెలియదు.

ఆగండి లేదా పవర్ అప్ చేయండి అన్న సందేశంలోని రెండో సలహా మాకు ఎందుకు అందుబాటులో లేదో కూడా చెప్పాలి. స్టీమ్ కొనాలంటే ముందు రూపాయలను క్రిప్టోగా మార్చాలి. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చి, క్రిప్టో వ్యాపారం చేసేవారికి బ్యాంకులు ఏ సేవా అందించకూడదని చెప్పింది. ఉన్న సంబంధాలు తెంచుకోవడానికి ఇచ్చిన 3 నెలల గడువు జూలైలో ముగిసింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసే దాకా పరిస్థితి అదే. అందువల్ల 2018 సెప్టెంబరులో అమలాపురంలో కూర్చున్న నాకు మిగిలిన దారి ఆగడమే. ఇలాంటి అప్‌గ్రేడ్ ఒకే క్షణంలో ప్రపంచమంతా అమలైనా, దాని భారం అందరి మీదా ఒకేలా పడదు.

ఆ రోజుల్లోనే తెలుగులో రాసేవాళ్లకు సంబంధించిన ఇంకో విషయం నా దృష్టికి వచ్చింది. చరిత్రలో ఆక్రమించే చోటును బైట్లలో కొలుస్తారు. కంప్యూటర్లు ఇప్పుడు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, ఒక తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది. నమస్కారం అన్న మాటను తీసుకోండి. మన కంటికి న, మ, స్కా, రం అని నాలుగే అక్షరాలు. కంప్యూటరుకు మాత్రం న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న, మొత్తం 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. అదే మాటను ఇంగ్లీషు లిపిలో రాస్తే 10 బైట్లతో సరిపోతుంది. వ్యాఖ్యకు అయ్యే ఖర్చులో పరిమాణం ఒక భాగం మాత్రమే గనుక మొత్తం ఖర్చు అదే 2.4 రెట్లు కాదు. అయినా క్రెడిట్లు చుక్కలు చుక్కలుగా వస్తున్న ఆ మూడు రోజుల్లో, ఇంగ్లీషు లిపిలో పంపితే వెళ్లేదేమో అన్న ఆలోచన నాకే వచ్చింది. ఆ పని చేయలేదు. కోనసీమ మాటలను పోగొట్టుకోకూడదని మొదలుపెట్టిన పనిని ఇంకో లిపిలోకి మార్చుకుని సాగించడం నాకు సమ్మతం కాలేదు.

బుధ, గురువారాల్లో విట్నెస్‌లు సవరించిన వెర్షన్లను ఒకదాని వెనుక ఒకటి ఎక్కిస్తూ వచ్చారు. ధరలు దిగాయి, తొట్లు నిండడం మొదలైంది. బుధవారం రాత్రి నాకు ఒక ఓటు వేయడం సాధ్యమైంది. గురువారం ఉదయం బడికి వెళ్లే ముందు, దాచుకున్న ఆ నాలుగు వాక్యాల సమాధానాన్ని మళ్లీ పంపాను. ఈసారి వెళ్లింది. అడిగినవారికి రెండు రోజులు ఆలస్యంగా అందింది గాని, అక్షరం మారకుండా అందింది.

ఆ అమ్మాయి ఖాతాకు మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉంది. పాట పెట్టగలిగితే చదివినవారికి జవాబు చెప్పలేకపోయేది, జవాబులు చెబితే పాట ఆగిపోయేది. అందుకని నా దాంట్లోంచి 20 స్టీమ్ పవర్ ఆమెకు డెలిగేట్ చేయాలనుకున్నాను. రాతలకు రోజూ వాడే పోస్టింగ్ కీ, అంటే ఖాతా రహస్య సంకేతాల్లో ఒకటి, ఈ పనికి చాలదు, డబ్బుకు సంబంధించిన యాక్టివ్ కీ కావాలి. ఏడాదిన్నర కిందట కాగితం మీద రాసి బీరువాలో పెట్టిన ఆ కీని బయటికి తీసి, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టాను. మిగిలిన కీలన్నిటినీ మార్చగల ఓనర్ కీని ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన అవసరమూ లేదు. ఇలా తికమకపడే రోజుల్లోనే సహాయం చేస్తామంటూ కీలు అడిగేవాళ్లు బయలుదేరుతారు, ఏ కీ ఏ పనికో తెలిసి ఉండడం ఒక్కటే మనకు రక్షణ. డెలిగేషన్ వెళ్లిన వెంటనే ఆమె తొట్టి పెద్దదైంది, కాని అది నిండడానికి మళ్లీ సమయం పట్టింది. మరుసటి వారానికి పాటా జవాబులూ రెండూ సాగాయి. వెనక్కి తీసుకునే డెలిగేషన్ మన చేతికి రావడానికి అంతకుముందు 7 రోజులు పట్టేది, ఈ అప్‌గ్రేడ్‌తో అది 5 రోజులైంది. నేను మాత్రం దాన్ని వెనక్కి తీసుకోలేదు.

మిగిలిన మార్పులు మెల్లగా అలవాటయ్యాయి. రెండు వ్యాఖ్యల మధ్య ఉండవలసిన వ్యవధి 20 సెకన్ల నుంచి 3 సెకన్లకు తగ్గింది, నిదానంగా రాసే నాకు దానితో పని పడలేదు. కొత్త రాతకు తొందరపడి ఓటు వేస్తే క్యూరేషన్ ప్రతిఫలంలో (ఓటు వేసినవారికి వచ్చే వాటాలో) కోత పడే సమయం 30 నిమిషాల నుంచి 15 నిమిషాలైంది. అలా కోసిన భాగం అంతకుముందు రచయితకు వెళ్లేది, ఆ అప్‌గ్రేడ్ తర్వాత అందరి ప్రతిఫలాల నిధికి తిరిగి వెళ్లసాగింది. తమ రాతకు తామే మొదటి నిమిషంలో ఓటు వేసుకుని ఆ భాగాన్ని కూడా అందుకునే పద్ధతికి దీనితో తెర పడింది. ఈ మార్పు గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు గాని, చిన్న రచయితలకు ఇది మేలు చేసిందని నా అభిప్రాయం.

నా అలవాట్లు కూడా కొన్ని మారాయి. ప్రతి దిద్దుబాటూ ఒక కొత్త లావాదేవీయే గనుక, ఇదివరకు పెట్టిన తర్వాత ఐదారుసార్లు అచ్చుతప్పులు దిద్దే నేను, కాగితం మీద రెండుసార్లు చదివి గాని పెట్టడం లేదు. వ్యాసాలు అన్నిటికీ నా దగ్గర ఒక ప్రతి ఉంచుకుంటున్నాను. విట్నెస్‌ల జాబితా తీసి, ఆ మూడు రోజుల్లో ఏం జరుగుతోందో అందరికీ అర్థమయ్యేలా చెబుతూ వచ్చినవాళ్లెవరో చూసి వాళ్లకు ఓట్లు వేశాను.

2020 మార్చి 20న స్టీమ్ నుంచి హైవ్ అనే వేరే బ్లాక్‌చెయిన్ విడిపోయింది. మా పాత రాతలు రెండు చోట్లా నిలిచాయి, నేనూ ఆ అమ్మాయీ హైవ్‌లో కొనసాగాం. క్రెడిట్ల పద్ధతి అక్కడా అదే. 2022 అక్టోబరు 11న హైవ్ హార్డ్‌ఫోర్క్ 26 వచ్చినప్పుడు, ముందు రోజే రాతలన్నీ దాచుకుని, ఆ రోజంతా ఏమీ పెట్టకుండా ఊరుకున్నాను. ఆ అప్‌గ్రేడ్‌తో, పవర్ జోలికి వెళ్లకుండా రిసోర్స్ క్రెడిట్లను మాత్రమే ఇంకొకరికి ఇచ్చే వీలు కలిగింది, నాలుగేళ్ల కిందట అది ఉండి ఉంటే నేను బీరువా తెరవవలసిన పని ఉండేది కాదు. ఆ వారంలోనే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమె కాకినాడలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. "మేష్టారూ, మా క్లాసులో ఒక పిల్ల చేత ఖాతా తెరిపించానండి. క్రెడిట్లు నా దాంట్లోంచి ఇచ్చాను. మీ వ్యాసం కింద ఏదో రాసిందట, చూడండి" అంది. తెరిచి చూశాను. నమస్కారం అని ఉంది.