పిడికిలిని ఆపడం నేర్చుకున్న ఏడాదిన్నర

మా కరాటే క్లాసులో శుక్రవారం సాయంత్రాలు కుమితే, అంటే జోడీలుగా తలపడే సాధన, ఉంటుంది. రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతాము. మాస్టారు "మారండి" అనగానే ఒక వరుస మనిషి చొప్పున పక్కకు జరుగుతుంది కాబట్టి, ఎవరి తర్వాత ఎవరు ఎదురవుతారో లెక్కపెట్టుకుంటే ముందే తెలిసిపోతుంది. రెండేళ్ల క్రితం ఒక శుక్రవారం, ఎదురు వరుసలోని పదహారేళ్ల కుర్రాడొకడు ఆ లెక్క వేసుకుని, బెల్టు ముడి సరిచేసుకునే నెపంతో వెనక్కి వెళ్లి వరుస చివర నిలబడటం నేను చూశాను. తర్వాతి వారం కావాలని గమనించాను. అలా నన్ను తప్పించుకుంటున్నది అతనొక్కడే కాదు, చిన్నవాళ్లలో సగం మంది.

నేను విశాఖపట్నంలో గాజువాక వైపు ఉంటాను. పదమూడో ఏట షోటోకాన్ అనే పద్ధతి కరాటేలో చేరి ఇరవై నాలుగో ఏట బ్లాక్ బెల్టు తీసుకున్నాను. కోపం మాత్రం అంతకన్నా పాతది. మా నాన్నగారికి ముక్కు మీదే కోపం, నాకూ అదే వచ్చిందని ఇంట్లో అందరూ అనేవారు. ఎత్తు, రంగు వచ్చినట్టే అదీ వచ్చిందని నేను కూడా నమ్మి, దాని గురించి చేయవలసింది ఏమీ లేదనుకున్నాను. ఆ శుక్రవారానికి నెల ముందు ఒక పోటీలో, నాకు రావలసిన పాయింటు ఇవ్వలేదన్న ఉక్రోషంతో ఎదుటివాడి మూతి మీద నిండు బలంతో గుద్ది, అతని పెదవి చిట్లి రక్తం కారుతుండగా అనర్హుడినై బయటికి వచ్చాను. అప్పుడు కూడా రిఫరీనే తప్పుపట్టాను. ఆ కుర్రాడు వరుస మారినప్పుడు మాత్రం తప్పుపట్టడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు.

క్లాసు అయ్యాక మాస్టారితో ఆ సంగతి చెప్పాను. "ఇన్నాళ్లకు చూశావన్నమాట," అన్నారు ఆయన. "ఆరు నెలలు కుమితే వద్దు నీకు. హేయాన్ షోదాన్ చెయ్యి, చాలు."

హేయాన్ షోదాన్ అంటే మా పద్ధతిలో తెల్ల బెల్టు పిల్లలకు మొదట నేర్పే కటా, అంటే ఎదుట ఎవరూ లేకుండా ఒక్కరే వరుసగా చేసే కదలికల సాధన. దానిలో ఉన్నవి ఇరవై ఒక్క కదలికలే. ఆ ఇరవై ఒకటిలో మొదటిది దెబ్బ కాదు, ఎడమకు తిరిగి కిందికి చేసే అడ్డు. 1922లో జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి ఈ విద్యను ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి, కరాటేలో మొదటి దాడి ఉండదని తన శిష్యులకు నియమంగా చెప్పాడు. క్లాసు చివర మేము మోకాళ్ల మీద కూర్చుని వల్లించే ఐదు నియమాల్లో చివరిది కూడా ఉడుకు రక్తపు తెగువను అదుపులో పెట్టుకోమనే చెబుతుంది. పదేళ్లకు పైగా దాన్ని గొంతెత్తి పలికిన నేను, అది నాతో చెబుతున్న మాట అని ఒక్కసారైనా అనుకోలేదు.

మొదటి రెండు నెలలు నేను దారి తప్పాను. కోపాన్ని ఎక్కడో ఒకచోట కక్కేయాలన్న నమ్మకంతో, ఆఫీసులో ఎవరితోనైనా మాటా మాటా వచ్చిన రోజున ఇంటి మేడ మీద వేలాడదీసిన ఇసుక సంచిని వాళ్ల ముఖం అనుకుని గుద్దేవాడిని. అరగంట తర్వాత చేతులు అలిసేవి గానీ, ఆ గొడవ మనసులో ఇంకా పెద్దదై కూర్చునేది. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన ప్రయోగం గురించి తర్వాత చదివాను: తమను రెచ్చగొట్టిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్లకు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్ల కన్నా కోపం ఎక్కువగా మిగిలిందట. నా మేడ మీద జరిగింది అక్షరాలా అదే. ఇసుక సంచిని ఇప్పటికీ వాడతాను, కానీ మనసులో మనిషి ఉన్న రోజున దాని దగ్గరికి పోను.

నిజంగా పనికొచ్చింది కిబా దాచి. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా నిలిపే భంగిమ అది. తెల్లవారుజామున ఐదుంబావుకు లేచి, పది నిమిషాలు తాడాట, పాతికేసి చొప్పున నాలుగు దఫాల బస్కీలు అయ్యాక, గడియారం ఎదురుగా పెట్టుకుని ఆ భంగిమలో నిలబడేవాడిని. రెండో నిమిషానికి తొడలు మండడం మొదలవుతుంది, మూడో నిమిషంలో కాళ్లు వణుకుతాయి, అప్పుడు లోపలి నుంచి "లే, ఇప్పుడే లే, ఇంక ఒక్క క్షణం కూడా కుదరదు" అని ఒక తొందర పుడుతుంది. కొన్ని వారాలు పోయాక ఒక ఉదయం, ఆ తొందర నాకు బాగా పాత పరిచయం ఉన్నదేనని తట్టింది. ఎవరైనా ఎదురు మాట అన్నప్పుడు "అను, ఇప్పుడే అను" అని నన్ను తోసేది కూడా అచ్చంగా అదే. కాళ్ల దగ్గర దాని మాట వినకపోతే అది కాసేపు పెరిగి, ఇరవై ముప్పై శ్వాసల తర్వాత తగ్గుతుందని నా శరీరానికి అప్పటికే తెలుసు. నోటి దగ్గర కూడా తగ్గుతుందేమో చూద్దామనుకున్నాను. శ్వాస విడవడాన్ని పీల్చడం కన్నా పొడవు చేయడం అక్కడే అలవాటైంది. నాలుగు అంకెలు లోపలికి, ఎనిమిది అంకెలు బయటికి. శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది కాబట్టి, కోపంతో దడదడలాడే గుండెకు మనం చేయి అందించగలిగిన చోటు అదొక్కటే అనిపిస్తుంది నాకు.

మాస్టారు చెప్పిన మరో సాధన, వార్తాపత్రిక కాగితాన్ని దారంతో వేలాడదీసి, దానికి వేలి మందం దూరంలో పిడికిలిని ఆపడం. నిదానంగా చేస్తే ఎవరైనా ఆపగలరు. పూర్తి వేగంతో వచ్చి ఆపాలి. మనసు నిమ్మళంగా ఉన్న రోజున పదింటిలో ఎనిమిది ఆగేవి, ఏదైనా రగులుతున్న రోజున కాగితం చిరిగేది.

ఇంటి సంగతి దీనికన్నా మొండిది, అందుకని ఒక నోటు పుస్తకం పెట్టాను. గొంతు లేచిన ప్రతిసారీ సమయం, చోటు, దానికి ముందు ఒంట్లో ఏం జరిగింది అన్నది రాయాలి; ఎవరిది తప్పు అన్నది రాయకూడదు. రెండు నెలల తర్వాత తిరగేస్తే నలభై ఒక్క నమోదులున్నాయి, వాటిలో ఇరవై తొమ్మిది సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్యవే. ఆ వేళకు నేను డ్యూటీ దిగి వస్తాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు క్యాంటీన్‌లో తిన్న తర్వాత కడుపులో టీ తప్ప ఏమీ పడి ఉండదు. దాదాపు ప్రతిచోటా ఒకే గుర్తు రాసి ఉంది: ముందు చెవులు వేడెక్కుతాయి, తర్వాత దవడ బిగుస్తుంది, మాట వచ్చేది ఆ తర్వాతే. అప్పటి నుంచి సంచిలో రెండు అరటిపళ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగలు పెట్టుకుని, బస్సు దిగేలోపు తినడం మొదలుపెట్టాను. రాత్రి పదిన్నరకు పడుకోవడం కూడా నియమమైంది. వీటిని సాధన అనడానికి మొదట నాకు చిన్నతనంగా ఉండేది, కానీ తర్వాతి రెండు నెలల్లో నమోదులు పదిహేడుకు తగ్గాయి. చెవులు వేడెక్కినప్పుడు "పది నిమిషాలు ఆగి మాట్లాడదాం" అని నా భార్యతో చెప్పి పెరట్లోకి వెళ్లేవాడిని, పది నిమిషాలకు తప్పకుండా తిరిగి వచ్చేవాడిని. మొదట్లో ఒకటి రెండుసార్లు తిరిగి రాలేదు. అలా రాకపోవడం అరవడం కన్నా ఎక్కువ బాధపెట్టిందని ఆమె చెప్పింది.

ఐదో నెలలో అంతా చేజారింది. గాజువాక కూడలి దగ్గర ఒక ఆటో నా బండి అద్దాన్ని రాసుకుంటూ పోతే, వెంటపడి ఆపి, బండి దిగి, తెలియకుండానే పిడికిలి బిగించి ఒక కాలు ముందుకు వేసి నిలబడ్డాను. డ్రైవరు మా నాన్నగారి వయసు మనిషి. "కొట్టు నాయనా, కొట్టు," అన్నాడు, కదలకుండా. నేను నిలబడిన తీరు చూసుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా నేర్చుకున్న భంగిమ ఎంత కచ్చితంగా కుదిరిందో, దాన్ని ఎవరి ముందు పెట్టానో రెండూ ఒకేసారి కనిపించాయి. క్షమించమని అడిగి వచ్చేశాను. ఆ విషయం చెప్పాక మాస్టారు ఆరు నెలలను తొమ్మిది చేశారు, నేను మారు మాట్లాడలేదు.

తిరిగి కుమితే మొదలుపెట్టే ముందు, వరుస మారిన ఆ కుర్రాడిని పిలిచి, "నీకు భయం కలిగేలా ప్రవర్తించాను, తప్పు నాదే," అన్నాను. "అలాంటిదేమీ లేదన్నా," అని తల దించుకున్నాడు, కానీ మరో రెండు శుక్రవారాలు బెల్టు ముడి సరిచేసుకోవడానికి వెళ్తూనే ఉన్నాడు. మూడో వారం నా ఎదుట నిలబడ్డాడు. నాలుగో వారమో ఐదో వారమో అతని ఎడమ చేతి గుద్దు అదుపు తప్పి నా పెదవికి తగిలింది, నాలుక మీద ఉప్పగా అనిపించింది. చెవులు వేడెక్కాయి. ఎనిమిది అంకెల శ్వాస వదిలి, చేతిని వెనక్కి లాగేటప్పుడు అతని మోచేయి పక్కటెముకలకు దూరంగా పోతోందని చూపించాను. అతను సరిచేసుకున్నాడు, ఇద్దరం వంగి నమస్కరించుకుని మళ్లీ మొదలుపెట్టాము.

పోయిన నెల పుస్తకంలో రెండే నమోదులున్నాయి. వాటిలో ఒకటి మా తమ్ముడితో ఊళ్లోని పొలం గురించి ఫోన్లో మాట్లాడినప్పటిది, సగంలోనే ఫోన్ పెట్టేశాను. ఈ ఆదివారం వాడితో మళ్లీ మాట్లాడాలి. భోజనం చేశాకే ఫోన్ చేయాలని ఆ నమోదు కింద రాసుకున్నాను.