నీళ్లు వేయని ట్యూబులో బ్యాక్టీరియా: తొట్టి ప్రాజెక్టు, ఏడో రన్

మళ్లీ బ్యాండ్ (బ్యాక్టీరియా డీఎన్ఏ ఉందని చెప్పే గీత) వచ్చింది. రావాల్సిన చోట వచ్చింది, సంతోషమే. రాకూడని చోట కూడా వచ్చింది. తొట్టి నీళ్లు ఒక్క చుక్క కూడా వేయని ఎన్‌టీసీ ట్యూబు (శాంపిల్ డీఎన్ఏ లేకుండా పోలిక కోసం పెట్టేది) జెల్ మీద, అంటే డీఎన్ఏను పొడవును బట్టి విడదీసే పలక మీద, 290 బేస్‌పెయిర్ల (డీఎన్ఏ పొడవు కొలత) దగ్గర దర్జాగా మెరుస్తోంది. వరుసగా ఇది నాలుగోసారి.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి అంచున మా చిన్నాయన చేను ఉంది, బోరు పక్కన సిమెంటు తొట్టి ఉంది. పగలు బర్లు తాగుతాయి. రాత్రి అడవి పందులు, కుందేళ్లు, తెల్లారేసరికి నెమళ్లు. వచ్చిపోయే జంతువులను బట్టి ఆ నీళ్లలో బ్యాక్టీరియా ఎలా మారుతుందో 16ఎస్ జీన్‌తో (బ్యాక్టీరియా అన్నిట్లో ఉండి, ఏది ఏదో గుర్తుపట్టించేది) పట్టుకోవాలని నా తాపత్రయం. అడవి లోపలి సాసర్ పిట్లలో (జంతువుల కోసం కట్టిన పళ్లెం లాంటి నీటి గుంటల్లో) శాంపిల్ తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అది తర్వాతి మాట.

పాత తలనొప్పులు రెండు తీరాయి. పాచి నీళ్లకు 0.22 మైక్రాన్ ఫిల్టరు 150 మి.లీ.కే మూసుకుపోయేది, 0.45కి మారితే 400 దిగింది (చిన్న బ్యాక్టీరియా కొంత జారిపోతుంది, తెలుసు). కుళ్లిన ఆకుల రసం పీసీఆర్‌ను (డీఎన్ఏకు కోట్ల కాపీలు చేసే పద్ధతి) ఆపేస్తోందన్న అనుమానమూ నిజమే, డీఎన్ఏను పదింతలు పలచన చేయగానే పని జరిగింది. స్టెరివెక్స్ క్యాప్సూల్ (డొప్పలోనే మూసి ఉండే ఫిల్టరు) ఖరీదైనా నా ఓటు దానికే, ఫిల్టరును ముట్టుకునే పనే లేదు.

ఇక అసలు గోల. 515ఎఫ్, 806ఆర్ ప్రైమర్లు (16ఎస్ జీన్‌ను పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు), 25 మైక్రోలీటర్ల రియాక్షన్, 35 సైకిళ్లు (ఒక్కో సైకిల్‌కు డీఎన్ఏ దాదాపు రెట్టింపు). ఖాళీలు (తొట్టి నీళ్లు లేని పోలిక శాంపిళ్లు) మూడు పెట్టాను: తొట్టి పక్కనే శుభ్రమైన నీళ్లు వడకట్టినది ఒకటి, ఫిల్టరు లేకుండా ఎక్స్‌ట్రాక్షన్ (డీఎన్ఏను బయటికి తీసే పని) చేసినది ఒకటి, ఎన్‌టీసీ ఒకటి. (మొదట్లో తొట్టి దగ్గరి ఖాళీకి బాటిల్ మినరల్ వాటర్ వాడిన తెలివి నాదే. అందులోనూ బ్యాక్టీరియా ఉంటుంది.) మూడూ ఒకే మోతాదులో మెరిశాయి. చేను దగ్గరో ఎక్స్‌ట్రాక్షన్‌లోనో తేడా జరిగితే ఎన్‌టీసీ చీకటిగా ఉండాలి కదా. అంటే దొంగ పీసీఆర్ మిక్స్‌లోనే ఉన్నాడు.

ఒక్కోసారి ఒక్కటే మార్చుతూ వచ్చాను. కొత్త మాలిక్యులర్ గ్రేడ్ నీళ్లు: తేడా లేదు. పిపెట్లకు, బల్లకు పది శాతం బ్లీచ్, ఫిల్టరు టిప్పులు: కాస్త తగ్గిందనిపించింది, నా ఆశ కూడా కావచ్చు. నీళ్లకు, బఫర్‌కు 15 నిమిషాలు యూవీ: తేడా లేదు. ప్రైమర్ల కొత్త స్టాక్: తేడా లేదు. మిగిలింది ట్యాక్ ఎంజైము, డీఎన్ఏకు కాపీలు చేసేది. అది వేడి ఊటల బ్యాక్టీరియాది అనుకుంటాం గానీ, అమ్మేదాన్ని చాలామటుకు ఈ. కోలై అనే బ్యాక్టీరియాలోనే తయారు చేస్తారు. ఆ ఈ. కోలై డీఎన్ఏ తునకలు ఎంజైముతో పాటే వస్తాయి. 16ఎస్ ప్రైమర్లకు అంతకంటే విందు ఏముంటుంది?

ఎంజైమును సగానికి తగ్గించి చూశాను. కంటికి ఏమీ తెలియలేదు. తెలియదు కూడా: సగం చేస్తే వెనకబడేది ఒక్క సైకిలే, 35 సైకిళ్ల తర్వాత జెల్ మీద దాన్ని ఎవరు పట్టగలరు? అందుకే సైకిళ్లనే మెట్లు మెట్లుగా దించాను. ఎన్‌టీసీ 35లో ధగధగ, 32లో మసక, 28లో ఖాళీ. తొట్టి నీళ్లు 28లో కూడా స్పష్టంగా వచ్చాయి. తక్కువ బ్యాక్టీరియా డీఎన్ఏ ఉండేలా శుద్ధి చేసిన వేరే ట్యాక్ తెప్పిస్తే 32లో శుభ్రం, 35లో మాత్రం ఇంకా మసక. నా లెక్కలో ఎక్కువ పాపం ఎంజైముది, మిగతాది నా చేతులదో ట్యూబులదో.

ఇక్కడితో అయిపోలేదు. పొద్దున్నే కడిగి నింపిన తొట్టి శాంపిల్ పాత ట్యాక్‌తో 28లో రాలేదు, 32లో వచ్చింది, అదీ ఎన్‌టీసీ అంత మసకగానే. అది బోరు నీళ్లదా, ఎంజైముదా? జెల్ ఫొటో చూపిస్తే చిన్నాయన ఒక్క మాటన్నాడు: "నీళ్లు పొయ్యని దాంట్ల గూడ పురుగులుంటే, నీళ్లల్ల ఉన్నయని ఎట్ల నమ్మాలె రా?" నోరు మూసుకున్నాను. ఇలాంటి పలచటి శాంపిళ్లలో డీఎన్ఏ తీసే కిట్ల నుంచే రాల్‌స్టోనియా, బ్రాడీరైజోబియం లాంటి బ్యాక్టీరియా సీక్వెన్సుల్లో (డీఎన్ఏ వరుస చదివిన ఫలితాల్లో) దూరిపోతాయని 2014లోనే పరిశోధకులు చూపించారు. ఖాళీలను కూడా సీక్వెన్స్ చేయించకుండా బ్యాక్టీరియా జాబితా పెట్టేవాళ్లను నేనైతే నమ్మను.

వచ్చేసారి కొత్త ట్యాక్, 30 సైకిళ్లు, కడిగిన నీళ్లయితే ఏకంగా లీటరు వడకడతాను. మిక్స్‌ను డబుల్ స్ట్రాండ్ డీఎన్ఏస్‌తో (రెండు పోగుల డీఎన్ఏను తునకలు చేసే ఎంజైము) శుభ్రం చేసే పద్ధతి కూడా ప్రయత్నించాలి. అది కుదిరితే పశువుల పేడ బ్యాక్టీరియాను పట్టే బ్యాక్టీరాయిడేల్స్ మార్కర్లు: బర్ల వాటా ఎంతో తేలితే కదా పందుల సంగతి మాట్లాడేది.

ఆదివారం తొట్టి కడిగి నింపి, ఆ రోజు, మర్నాడు, మూడో రోజు, ఐదో రోజు శాంపిళ్లు. చిన్నాయన ఒప్పుకున్నాడు, బర్లు మేత నుంచి తిరిగొచ్చేలోపు నా సిరంజీలన్నీ సర్దేయాలన్న షరతు మీద.