ఓటీపీ చూసి వచ్చేలోపల

అందరూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు, ఫోన్ యాప్‌లో నింపిన అమ్మ ఫారం గొడవ ఇంకా బుర్రలో తిరుగుతోంది. పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామా అన్నీ అమ్మని అడిగి అడిగి నింపాను. చివరి పేజీలో ఓటీపీ అడిగింది. మెసేజ్ తెరిచి, అంకెలు చూసుకుని వెనక్కి వచ్చేసరికి మొదటి పేజీ, అన్నీ ఖాళీ గడులు. అమ్మ అప్పటికే అలిసిపోయింది. "మళ్లీ మొదట్నుంచీ చెప్పాలా?" అంది. కోపంతో నాకు నోట మాట రాలేదు.

ఈయన షరా మామూలే, ఫోన్ పాతదైపోయింది మార్చెయ్యమన్నారు. సాయంత్రం దాకా నేనూ అదే అనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేస్తే కాదన్నాడు. మెమరీ చాలనప్పుడు వెనకున్న యాప్‌ని ఆండ్రాయిడ్ ఆపేయడం మామూలేనట. కాకపోతే యాప్ వెనక్కి వెళ్లగానే, దాచుకోవలసింది దాచుకోమని అవకాశం ఇస్తుందట. 2008లో మొదటి ఆండ్రాయిడ్ నుంచీ ఆ ఏర్పాటు ఉంది. ఐఫోన్‌కి 2012లో ఐఓఎస్ 6తో అలాంటిదే వచ్చింది. ఫోటోల్లాంటి బరువైనవి అందులో పెట్టకూడదు గానీ, పేరూ చిరునామా హాయిగా పడతాయి. "ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం డెవలపర్ ఆప్షన్స్ అని ఉంటాయి, వాటిలో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' అని ఒకటుంటుంది అక్కా, అది ఆన్ చేస్తే ఏ తెరలోంచి బయటికొస్తే ఆ తెర అప్పుడే పోతుంది. ఆ యాప్ చేసినవాళ్లు ఒక్కసారి అలా చూసుకుంటే ఈ తప్పు బయటపడిపోయేది" అన్నాడు. అది విన్నాక కోపం ఇంకా పెరిగింది.

పెద్దమ్మ గుర్తొచ్చింది. తన చిన్నప్పటి సంగతులు రాసిపెట్టమని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ చెబుతుంటే నేను ఫోన్లో టైప్ చేస్తున్నాను. చదువు మాన్పించిన రోజు గురించి చెప్పేటప్పుడు గొంతు బాగా దిగిపోయింది, అంతకుముందు ఎవరితోనూ అనని మాటలు అంది. ఈలోపు ఎవరో ఫోన్ చేశారు. మాట్లాడి తిరిగొస్తే తెల్ల పేజీ. "పోనీలేవే, మళ్లీ చెబుతాగా" అంది. చెప్పింది కూడా. కానీ ఈసారి బడి పేరు, మాస్టారి పేరు, ఏ తరగతో, అంతే. ఆ రోజు సంగతి దాటేసింది. నాకు అడగడానికి మనసొప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

ఇంతా రాశాక అనిపిస్తోంది, అన్నీ గుర్తుపెట్టుకోవాలనడం కూడా సరికాదేమో. పాస్‌వర్డ్, కార్డు నంబరు మర్చిపోతేనే మంచిది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే లాగౌట్ చేసేయడమూ మన మంచికే. ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో ఏం తెలుసు? అందాకా ఒప్పుకుంటాను. కానీ ఓటీపీ పంపింది ఆ ఫారం వాళ్లే, అది మెసేజుల్లోకి వస్తుందని తెలిసిందీ వాళ్లకే. చూడ్డానికి వెళ్తే నింపిందంతా తుడిచేయడం ఏం భద్రత?

ఇప్పుడే మధ్యలో లేచి అలారం పెట్టుకుని వచ్చాను, ఈ టపా మాత్రం ఆపిన అక్షరం దగ్గరే ఉంది. సంతోషం.

ఆ ఫారం వాళ్లకి రేపు మెయిల్ పెడతాను. ఏ పేజీలో ఉండగా ఎటు వెళితే పోయిందో వరసగా రాసి, తమ్ముడు చెప్పిన ఆ సెట్టింగ్ పేరు కూడా చేరుస్తాను.