అమ్మమ్మ ఒక్కతే, ఆప్షన్లు రెండు

బ్యాంకు ఉద్యోగాల పరీక్షకు తయారవుతున్నాను. మొన్న ఆదివారం రాసిన మాక్ టెస్టు రీజనింగ్‌లో ఒక ప్రశ్న. ‘ఎమ్ తల్లికి తల్లి ఎన్. అయితే ఎమ్ తండ్రికి ఎన్ ఏమవుతుంది?’ ఆప్షన్లు: అక్క, అత్త, వదిన, చెప్పలేం.

ఎవరైనా ఐదు సెకన్లలో అత్త కొట్టి ముందుకు పోతారు. నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మను చేసుకున్నది ఆమె సొంత మేనమామే. అంటే మా నాన్నకు మా అమ్మమ్మ తోడబుట్టిన అక్క. ఇప్పటికీ ‘అక్కా’ అనే పిలుస్తాడు, అత్త అనగా నేనెన్నడూ వినలేదు. నాకు అమ్మమ్మా ఆమే, మేనత్తా ఆమే. రెండూ కావచ్చు గదా అని ‘చెప్పలేం’ కొట్టాను. పావు మార్కు కోత.

సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ హాస్టల్‌కు నడిచొస్తూ రూమ్మేట్ అక్కకు చెప్పుకున్నాను. నాకంటే రెండేళ్లు ముందునుంచి రాస్తున్న మనిషి. నడిరోడ్డు మీద ఆగి నవ్వింది.

“ఏందే, ఇంటి ముచ్చట తీస్కపోయి పరీక్షల రాస్తవా? సరే, అక్కనే అనుకో. అక్క అయితే అత్త కాకుండ పోయిందా?”

నిజమే. అమ్మను కన్నది కాబట్టి అత్త కావడం ఎట్లాగూ ఖాయం. అక్క అన్నది మా ఇంట్లో నిజం, ప్రశ్నలో లేదు. ప్రశ్న దాన్ని కాదనలేదు, ఔననలేదు. కాదనలేదు కాబట్టి నేను కలుపుకున్నాను.

ఆ రాత్రి పాత రఫ్ కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే, సగం తప్పులు ఈ జాతివే.

‘పి, క్యూల మధ్య ఇద్దరు కూర్చున్నారు’ అని ఉంటే, ప్రతిసారీ పి ఎడమన, క్యూ కుడిన. ముందు పేరు పి కాబట్టి! క్యూ ఎడమనా ఉండొచ్చు. రెండు గీతలు గీసుకుని, తర్వాతి సమాచారంతో ఒకటి కొట్టేయాలి. నేను ఒకటే గీసి, ఏడో వాక్యం దగ్గర కుదరక, మొత్తం చెరిపేదాన్ని.

రెండు మూడు వాక్యాలిచ్చి వాటి నుంచి ఏం తేలుతుందో అడిగే సిలాజిజంలో ‘కొన్ని’ ఇంకా మాయదారిది. అమ్మ ఫోన్లో ‘కొన్ని మామిడికాయలు పుల్లగున్నయి’ అంటే తక్కినవి తియ్యగున్నాయనే అర్థం. పరీక్షలో అట్లా కాదు. అన్నీ పుల్లనివే అయినా ‘కొన్ని పుల్లనివి’ అన్నది తప్పు కాదు. దీనికి నా బుర్ర ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఇప్పటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదనుకోండి.

గుండ్రటి బల్ల చుట్టూ ఎవరికి ఎవరు కుడిపక్క అనే ప్రశ్న మాత్రం హాస్టల్ మెస్సులో తేలిపోయింది. నేల మీద గుండ్రంగా కూర్చుని తింటున్నాం, అందరి మొహాలూ మధ్యలో ఉన్న పప్పు గిన్నె వైపే. నా కుడిచేతి పక్కనున్న అమ్మాయికి గరిటె ఇచ్చాను, ఆమె తన కుడికి ఇచ్చింది. పైనుంచి చూస్తే గరిటె గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతోంది. కేంద్రం వైపు చూసేవాళ్లకు కుడి అంటే అదే. బయటికి చూస్తే తిరగబడుతుంది. ఆ తర్వాత మళ్లీ అక్కడ తప్పు చేయలేదు.

ఐబీపీఎస్ ప్రిలిమ్స్ రీజనింగ్‌లో 35 ప్రశ్నలకు 20 నిమిషాలు. ప్రశ్నకు సుమారు 34 సెకన్లు, చెరిపి మళ్లీ గీసేంత టైం ఉండదు. అందుకే ఇప్పుడు రోజుకు పది పజిల్స్ మానేసి నాలుగే చేస్తున్నాను. చేశాక ప్రతి గీత దగ్గరా ‘ఇది వాళ్లు చెప్పారా, నువ్వు అనుకున్నావా’ అని పెన్సిల్‌తో టిక్కు పెడుతున్నాను. రూమ్మేట్ అక్కకు ఇది చాదస్తంలా ఉంది. ఆమె పద్ధతి వేరు: ఎనిమిది మంది, ఒక్కొక్కరికి మూడేసి వివరాలు కలపాల్సిన పజిల్ కనిపిస్తే చూడకుండా దాటేసి, ఏది పెద్ద ఏది చిన్న అని గుర్తులతో అడిగే ఇనీక్వాలిటీస్‌కు పోతుంది. మార్కులు ఆమెకే ఎక్కువ వస్తున్నాయి, ఒప్పుకుంటాను.

నిన్న నాన్న ఫోన్ చేస్తే ఈ పావు మార్కు కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“అంటే బిడ్డా, వాళ్ల లెక్కల మా అక్క నాకు అక్క కాదా?”

“కాదనలేదు నాన్నా. వాళ్లకు తెల్వదంతే.”

“మరి తెలిసేటట్టు రాసి రాకపోయినవా?” అన్నాడు.